ఫ్యాక్టరీ సైరన్ నుంచి ఆఫీస్ క్యాబ్ దాకా.. ప్రగతి నగర్ ఎలా మారింది? ఇక్కడ ఇల్లు తీసుకునే ముందు ఏం చూసుకోవాలి?

ఆఫీస్ హైటెక్ సిటీలో.. ఇల్లు మాత్రం ప్రగతి నగర్‌లో. హైదరాబాద్‌లో వేలమంది ఐటీ ఉద్యోగుల అడ్రస్ ఇదే. మాదాపూర్, కొండాపూర్ అద్దెలు భరించలేక కొందరు, సొంత ఫ్లాట్ కల కోసం మరికొందరు ఇటువైపు వస్తున్నారు. కానీ వచ్చిన కొన్నాళ్లకే చాలామందికి ఒకే డౌట్ వస్తోంది. రాత్రి పదకొండు దాటాక కిటికీ తెరిస్తే ఆ ఘాటు వాసన ఎక్కడిది? చెరువు నీళ్లపై ఆ నురగ ఏంటి? పక్కన గేటుకు తాళం పడిన అంత పెద్ద ఫ్యాక్టరీ స్థలం ఎవరిది?

వీటికి జవాబు కావాలంటే ఒక్క కాలనీ కథ తెలిస్తే సరిపోదు. బాలానగర్, సనత్‌నగర్, చింతల్, జీడిమెట్ల, బాచుపల్లి.. ఈ మొత్తం ఏరియా అరవై ఏళ్ల కథ తెలియాలి. ఒకప్పుడు ఇది ఐటీ ఉద్యోగుల ఏరియా కాదు. పక్కా కార్మికుల ఏరియా. వివరాల్లోకి వెళ్దాం.

అసలు ఈ ప్రాంతానికి జనం ఎందుకొచ్చారు?

ముందుగా సనత్‌నగర్. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ ఇక్కడే ఫ్రిజ్‌లు, వాచీలు, బస్సు బాడీలు తయారుచేసింది. ఒకప్పుడు తెలుగు ఇళ్లలో ఆల్విన్ ఫ్రిజ్ ఉందంటే అదో హోదా.

ఆ తర్వాత 1960ల్లో కేంద్ర ప్రభుత్వ సంస్థలు వరుసకట్టాయి. చింతల్ దగ్గర హెచ్ఎంటీ, బాలానగర్‌లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్, ఇంకాస్త దూరంలో రామచంద్రాపురం బీహెచ్ఈఎల్. వీటన్నింటిలో హైదరాబాద్ తలరాతను మార్చింది మాత్రం ఐడీపీఎల్. అంటే ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్. 1961లో కేంద్రం ఈ సంస్థను పెట్టింది. సోవియట్ యూనియన్ సాయంతో బాలానగర్‌లో మందుల ఫ్యాక్టరీ కట్టింది. విదేశీ కంపెనీలు చెప్పిన రేటుకే మందులు కొనాల్సిన రోజులవి. మన మందులు మనమే తయారు చేసుకుందాం అన్నదే దీని వెనకున్న ఆలోచన.

ఫ్యాక్టరీలతో పాటే కాలనీలు, స్కూళ్లు, ఆస్పత్రులు వచ్చాయి. కోస్తా జిల్లాల నుంచి, తెలంగాణ పల్లెల నుంచి, కేరళ, తమిళనాడు, ఉత్తరాది రాష్ట్రాల నుంచి ఇంజినీర్లు, కెమిస్టులు, ఫిట్టర్లు, వెల్డర్లు ఇక్కడికి చేరారు. షిఫ్ట్ సైరన్ మోతే అందరికీ గడియారం. ఇవాళ కూకట్‌పల్లి వైపు ఇన్ని ప్రాంతాల వాళ్లు కనిపిస్తున్నారంటే దానికి పునాది ఐటీ కంపెనీలు వేసింది కాదు. ఈ ఫ్యాక్టరీలే వేశాయి.

ఫ్యాక్టరీ మూతపడింది.. పని తెలిసినవాళ్లు మిగిలారు

1970 పేటెంట్ చట్టం వచ్చాక సీన్ మారింది. మందుపై కాకుండా, దాన్ని తయారుచేసే పద్ధతిపైనే పేటెంట్ అని చట్టం చెప్పింది. అంటే అదే మందును వేరే పద్ధతిలో తయారుచేస్తే తప్పు లేదు. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లకు ఇదే గోల్డెన్ ఛాన్స్ అయింది. అక్కడ ఉద్యోగం చేసిన అంజిరెడ్డి బయటికొచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఇంకా చాలామంది అదే దారి పట్టారు. జీడిమెట్ల, బాచుపల్లి, బొల్లారం వైపు బల్క్ డ్రగ్ యూనిట్లు వెలిశాయి. ఇవాళ హైదరాబాద్‌ను ఫార్మా రాజధాని అంటున్నామంటే దాని వేర్లు బాలానగర్‌లో ఉన్నాయి.

మరి తల్లిలాంటి ఐడీపీఎల్ ఏమైంది? నష్టాల్లో కూరుకుపోయింది. 1992లో ఖాయిలా పరిశ్రమల జాబితాలో చేరింది. 2016 డిసెంబరులో కేంద్ర కేబినెట్ సంస్థను మూసేయాలని నిర్ణయించింది. ఆల్విన్ కూడా 1990ల్లోనే చేతులు మారి, ముక్కలైంది. కానీ కూకట్‌పల్లి పక్కన ఆల్విన్ కాలనీ పేరు అలాగే ఉంది. బస్సు ఎక్కి 'ఐడీపీఎల్ స్టాప్' అంటే కండక్టర్‌కు ఇప్పటికీ అర్థమవుతుంది. ఫ్యాక్టరీ పోయినా పేరు పోలేదు.

ఇక్కడో విషయం గుర్తుపెట్టుకోవాలి. పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి తప్ప ఇండస్ట్రీ మొత్తం వెళ్లిపోలేదు. జీడిమెట్లలో చిన్న, మధ్యతరహా యూనిట్లు, బాచుపల్లిలో ఫార్మా ప్లాంట్లు ఇంకా నడుస్తున్నాయి. అంటే ప్రగతి నగర్‌ది సగం పాత పారిశ్రామికవాడ బతుకు, సగం కొత్త ఐటీ శివారు బతుకు. అసలు చిక్కంతా ఈ సగం-సగంలోనే ఉంది.

సైబర్ టవర్స్ తర్వాత ఏం జరిగింది?

1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అక్కడి నుంచి సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రగతి నగర్ అప్పటికి గ్రామ పంచాయతీ. ఐటీ పెరిగేకొద్దీ ముందు కేపీహెచ్‌బీ నిండింది. తర్వాత నిజాంపేట్ రోడ్డు. ఆ తర్వాత ప్రగతి నగర్, బాచుపల్లి. 2016లో జిల్లాల విభజనతో ఈ ప్రాంతం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. 2019లో నిజాంపేట్, బాచుపల్లి, ప్రగతి నగర్ పంచాయతీలను కలిపి నిజాంపేట్ మున్సిపల్ కార్పొరేషన్ చేశారు. 2025 నవంబరులో ఓఆర్ఆర్ లోపల, దాని చుట్టుపక్కల ఉన్న 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్ఎంసీలో కలపాలని రాష్ట్ర కేబినెట్ నిర్ణయించింది. అందులో నిజాంపేట్ కూడా ఉంది.

అంటే పదేళ్లు తిరగకుండానే ఒకే ఇంటికి పంచాయతీ, కార్పొరేషన్, మహానగరం.. ఇలా మూడు అడ్రస్‌లు. బోర్డులు మారినంత స్పీడుగా డ్రైనేజీ పైపులు మారవు కదా! 2023 సెప్టెంబరు వానల్లో ఇక్కడే తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో పడి ఓ చిన్నారి ప్రాణం పోయింది. అంతస్తులు పెరిగినంత వేగంగా నాలాలు పెరగకపోతే ఏం జరుగుతుందో ఆ రోజు ఊరంతా చూసింది.

మెట్రో ఉందిగా.. మరి ట్రాఫిక్ గోల ఎందుకు?

కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 2017 నవంబరులో మియాపూర్-అమీర్‌పేట్ మెట్రో మొదలైంది. ప్రగతి నగర్‌ వాళ్లకు జేఎన్టీయూ స్టేషన్ అందుబాటులోకి వచ్చింది. 2019 మార్చిలో హైటెక్ సిటీకి కూడా మెట్రో వెళ్లింది. ఇంకేం, హాయిగా వెళ్లిపోవచ్చు అనుకుంటాం.

కానీ మ్యాప్ చూడండి. ఈ రెండు లైన్లు కలిసేది అమీర్‌పేట్‌లో. జేఎన్టీయూలో ఎక్కినవాళ్లు ముందు సిటీ లోపలికి అమీర్‌పేట్ దాకా వెళ్లాలి. అక్కడ రైలు మారి మళ్లీ పడమర వైపు హైటెక్ సిటీకి రావాలి. పక్కింటికి వెళ్లడానికి ఊరు చుట్టి వచ్చినట్టన్నమాట. అందుకే ఎక్కువమంది బైక్, కారు, క్యాబ్‌లకే మొగ్గు చూపుతున్నారు. 2022 జూన్‌లో కైత్లాపూర్ రైల్వే ఓవర్ బ్రిడ్జి వచ్చాక కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ వైపు కొంత ఊరట దొరికింది. అయినా ప్రగతి నగర్ నుంచి జేఎన్టీయూ జంక్షన్ దాకా రావడమే పొద్దున్న పూట పెద్ద పరీక్ష.

ఎన్ని ఊళ్లవాళ్లు.. ఒకే అపార్ట్‌మెంట్

ఇక్కడ ఒక మామూలు అపార్ట్‌మెంట్‌ తీసుకోండి. ఒక ఫ్లాట్‌లో రిటైరైన ఫ్యాక్టరీ ఉద్యోగి ఉంటారు. పై అంతస్తులో గోదావరి జిల్లా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ జంట. పక్కన కరీంనగర్ కుటుంబం, ఎదురుగా ఒడిశా ఇంజినీర్. ఆషాఢంలో బోనం, దసరాకు బతుకమ్మ, సంక్రాంతికి గొబ్బెమ్మలు, వినాయక చవితికి అందరిదీ ఒకే మండపం. నిమజ్జనం రోజుల్లో ప్రగతి నగర్ అంబీర్ చెరువు కట్ట జనసంద్రమే.

అదే వీధి చివర కనిపించని ఇంకో హైదరాబాద్ ఉంది. ఈ టవర్లు కట్టే బిహార్, ఒడిశా, జార్ఖండ్ కూలీలు రేకుల షెడ్లలో ఉంటారు. జీడిమెట్ల యూనిట్లలో షిఫ్టులు చేసే కార్మికులు ఇరుకు గదుల్లో అద్దెకుంటారు. ఫ్యాక్టరీల టైంలో కార్మికుడికి కంపెనీ క్వార్టర్ దొరికేది. ఇప్పటి కాంట్రాక్ట్ కార్మికుడికి ఆ భరోసా లేదు. అద్దె పెరిగిన ప్రతిసారీ సామాను సర్దుకుని ఇంకో రెండు కిలోమీటర్లు బయటికి జరగాల్సిందే.

రాత్రి వాసన.. చెరువు నురగ

బాచుపల్లి, నిజాంపేట్, ప్రగతి నగర్ వాసులు ఏళ్ల తరబడి చేస్తున్న ఫిర్యాదు ఇది. రాత్రిపూట కెమికల్ వాసన. రాత్రే ఎందుకు? చలికాలంలో, గాలి కదలని రాత్రుల్లో నేలకు దగ్గరగా ఉన్న గాలి చల్లబడుతుంది. పైన వెచ్చని గాలి మూతలా పరుచుకుంటుంది. దాంతో కింద వెలువడిన ఆవిరి పైకి పోలేక ఇళ్ల మధ్యే తిరుగుతుంది. పగలు ఎండకు ఆ మూత తొలగిపోతుంది. కాబట్టి పొద్దున అధికారులు వచ్చేసరికి వాసన మాయం! అందుకే ఫిర్యాదు చేసేటప్పుడు టైం, గాలి వీచే దిక్కు రాసిపెట్టుకోవాలి.

నీళ్ల సంగతీ అంతే. ఫ్యాక్టరీల వ్యర్థజలాలను శుద్ధి చేయడానికి జీడిమెట్లలో 1980ల చివర్లోనే ఉమ్మడి ప్లాంట్ పెట్టారు. అయినా పక్కనున్న పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతం 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలోకి ఎక్కింది. అయితే చెరువుల పాపం మొత్తం ఫ్యాక్టరీలదే అనుకుంటే పొరపాటు. అపార్ట్‌మెంట్ల మురుగు నేరుగా కలిసినా నురగ వస్తుంది. మన బాత్రూంలో వాడే డిటర్జెంటే అక్కడ తెల్లగా తేలుతుంది.

మూతపడిన భూములపై అందరి కన్ను

కాలుష్య పరిశ్రమలను ఓఆర్ఆర్ బయటికి పంపాలన్న మాట కొత్తది కాదు. ఉమ్మడి రాష్ట్రంలోనే ఆదేశాలు వచ్చాయి. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడి విధానం తెచ్చింది. ఇందులో బాలానగర్, జీడిమెట్ల, సనత్‌నగర్ సహా 22 పారిశ్రామికవాడల్లో సుమారు 9,292 ఎకరాలు ఉన్నాయి. రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 లేదా 50 శాతం కడితే ఇళ్లు, ఆఫీసులకు ఆ భూమిని మార్చుకోవచ్చు.

కాలుష్యం తగ్గుతుందని, ఆదాయం వస్తుందని ప్రభుత్వం చెబుతోంది. ఒకప్పుడు పరిశ్రమల కోసం చౌకగా ఇచ్చిన భూమిని తక్కువ రేటుకే రియల్ ఎస్టేట్‌కు అప్పగిస్తున్నారని విపక్షాలు మండిపడుతున్నాయి. ఈ రాజకీయ గొడవలో పక్కకు పోతున్న ప్రశ్నలు రెండు. ఆ యూనిట్లలో పనిచేసేవాళ్లు ఎక్కడికి పోతారు? దశాబ్దాల పాటు రసాయనాలు ఇంకిన నేలపై ఇల్లు కట్టే ముందు మట్టిని ఎవరు పరీక్షిస్తారు?

జెర్సీ సిటీ ఏం చెబుతోంది?

రెండో ప్రశ్నకు జవాబు మన తెలుగువాళ్లు బాగా ఎరిగిన ఊళ్లోనే ఉంది. న్యూయార్క్‌కు నది అవతల ఉన్న జెర్సీ సిటీ. ఒకప్పుడు అదీ ఫ్యాక్టరీల ఊరే. అక్కడి కోల్గేట్ ప్లాంట్ 1980ల్లో మూతపడింది. దాని భారీ గడియారం మాత్రం నది ఒడ్డున ఇప్పటికీ ఉంది. ఫ్యాక్టరీలున్న ఒడ్డున టవర్లు లేచాయి. మాన్‌హాటన్‌లో ఉద్యోగం, జెర్సీ సిటీలో ఇల్లు.. అచ్చం మన హైటెక్ సిటీ, ప్రగతి నగర్ లెక్కే.

కానీ ఆ కౌంటీలో పాత క్రోమియం ఫ్యాక్టరీల వ్యర్థాలను గుంతలు పూడ్చడానికి, నేల చదును చేయడానికి వాడేశారు. ఫ్యాక్టరీలు పోయిన దశాబ్దాల తర్వాత కూడా వందకు పైగా చోట్ల ఆ విషపు మట్టిని గుర్తించి, తవ్వి తరలించాల్సి వచ్చింది. గేటు మూసేస్తే కాలుష్యం పోదు, నేలలోనే ఉంటుంది. ఆ ఊరు నేర్పిన పాఠం ఇదే.

ఇల్లు తీసుకునే ముందు ఈ 5 చూసుకోండి

1. చెరువు ఎంత దూరం? 25 ఎకరాలు లేదా అంతకంటే పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్ జోన్. అందులో కట్టడాలకు పర్మిషన్ ఉండదు. 2024 ఆగస్టులో ఇక్కడి ఎర్రకుంట దగ్గర కడుతున్న భవనాలను హైడ్రా కూల్చేసిన సంగతి తెలిసిందే. హెచ్ఎండీఏ చెరువుల మ్యాప్ ముందే చూసుకోండి.

2. రెరా నంబర్ ఉందా? 500 చదరపు మీటర్లు దాటిన స్థలం లేదా 8 ఫ్లాట్లకు మించిన ప్రాజెక్ట్ అయితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 'ప్రీ లాంచ్ ఆఫర్' అంటూ నంబర్ లేకుండా డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

3. ఆ స్థలంలో ఇంతకుముందు ఏముంది? ఈసీ, పాత దస్తావేజులు చూస్తే తెలుస్తుంది. ఫ్యాక్టరీ స్థలమైతే మట్టి, బోరు నీటి పరీక్షల రిపోర్ట్ అడగండి.

4. మురుగు ఎక్కడికి పోతుంది? సొంత ఎస్‌టీపీ ఉందా, అది నిజంగా నడుస్తోందా అని అక్కడ ఉంటున్నవాళ్లనే అడగండి.

5. పగలు ఒక్కసారి చూసి అడ్వాన్స్ ఇవ్వొద్దు. రాత్రి పదకొండుకు ఒకసారి వెళ్లండి, వాసన తెలుస్తుంది. గట్టి వాన మర్నాడు ఒకసారి వెళ్లండి, రోడ్డు తెలుస్తుంది. సోమవారం ఉదయం తొమ్మిదికి అక్కడి నుంచి ఆఫీస్‌కు బయల్దేరి చూడండి, మిగతాది తెలుస్తుంది.

పిల్లల స్కూళ్లు, అన్ని ప్రాంతాల మనుషులు, జేబుకు అందే అద్దె.. ప్రగతి నగర్‌లో మంచి చాలానే ఉంది. దాన్ని నిలబెట్టుకోవాలంటే మాత్రం మెయింటెనెన్స్ లెక్కలతో పాటు చెరువు, నాలా, రాత్రి వాసన కూడా ప్రతి అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో చర్చకు రావాలి. ఫిర్యాదు ఒక్కరు చేస్తే కాగితం. కాలనీ మొత్తం కలిసి చేస్తే అధికారులు కదలక తప్పదు.