మగ చిరుత పోతే ఎవరికి నష్టం?

దక్షిణాఫ్రికాలో క్రూగర్ జాతీయ పార్కును ఆనుకొని సాబీ శాండ్స్ అభయారణ్యం ఉంది. 1993లో ఈ రెండింటి మధ్య కంచె తీసేశారు. ఇక్కడి గైడ్లు చిరుతలను నాలుగు దశాబ్దాలకు పైగా గమనిస్తున్నారు. మీసాల పైన ఉండే మచ్చలను బట్టి ఏది ఏదో చెప్పగలరు. వాళ్లు చూసిన మగ చిరుత వేరు, మనం ఊహించుకున్నది వేరు.

అపోహ: మగ చిరుతలు ఎదురుపడితే చచ్చేదాకా కొట్టుకుంటాయి.

వాస్తవం: ఒంటరిగా బతికే జంతువు కాలు విరిగితే దానికి తిండి తెచ్చిపెట్టేవాళ్లుండరు. అందుకే పొదల మీద మూత్రం చిమ్మి, నేల గీరి, రంపంతో దుంగ కోస్తున్నట్టు గరగరమని అరిచి హద్దు చెబుతుంది. ఎదురుపడ్డా చాలాసార్లు రెండూ బిగదీసుకొని, చొంగ కారుస్తూ హద్దు వెంట పక్కపక్కనే నడుస్తాయి. చివరకు ఒకటి తప్పుకుంటుంది. ప్రాణాంతకమైన కొట్లాటలు లేకపోలేదు, కానీ అవి ఆఖరి దారి.

అపోహ: వేటను చెట్టెక్కిస్తే ఇక భయం లేదు.

వాస్తవం: దుమ్ములగొండ్లకు అందకుండా ఉండేందుకే చిరుత ఇంపాలా జింకను మెడ కరిచి మరూలా చెట్టు మీదికి లాగుతుంది. సింహాలు మాత్రం ఒక్కోసారి అక్కడికీ ఎక్కుతాయి.

అపోహ: తండ్రికి పిల్లలతో పనే లేదు.

వాస్తవం: సాకేదీ, వేట నేర్పేదీ తల్లే. అయినా తండ్రి ఆ హద్దులో తిరుగుతున్నంతకాలమే పిల్లలకు రక్ష. అది పోతే కొత్త మగది వస్తుంది. దొరికిన పిల్లలను చంపేస్తుంది. పిల్లలు పోయిన తల్లి త్వరగా మళ్లీ ఎదకొస్తుంది కాబట్టి, కొత్త మగదాని సంతానానికి చోటు దొరుకుతుంది. సాబీ శాండ్స్‌లో పిల్లల చావులకు ప్రధాన కారణాల్లో మగవి ఇలా చంపడం ఒకటి. సొంత తండ్రి తీరు వేరు. తన వేటను పిల్లలు పీక్కు తింటున్నా ఊరుకోవడం గైడ్లు చూశారు.

అపోహ: ట్రోఫీ కోసం, అంటే వేట గుర్తుగా దాచుకోవడానికి, ఒక మగదాన్ని కాల్చితే పోయేది ఒక్కటే.

వాస్తవం: పైన చెప్పిందంతా ఇక్కడికే వస్తుంది: కాల్చిన మగదాని చోటికి కొత్తది వచ్చి, దాని పిల్లలనూ చంపేస్తుంది. క్వాజులు-నటాల్ రాష్ట్రంలోని ఫిండా అభయారణ్యం పరిసరాల్లో 2005 నుంచి చిరుతల వేటను కట్టడి చేశాక మగవి నిలదొక్కుకున్నాయి, బతికే పిల్లల సంఖ్య పెరిగింది. దక్షిణాఫ్రికా 2016లో ట్రోఫీ అనుమతులు ఆపి, తర్వాత ఏడేళ్లు నిండిన మగవాటికే పరిమితం చేసి మళ్లీ ఇచ్చింది. ఆ వయసు దాటాక కూడా హద్దు ఏలుతూ, పిల్లలకు అండగా ఉండే మగ చిరుతలున్నాయి. అలాంటిదాన్ని కాల్చడం ఏ లెక్కన చూసినా తప్పే.