రక్తం పోతే సెలైన్ ఎక్కిస్తే సరిపోదా?

పెద్దవాళ్ల ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. రోడ్డు ప్రమాదంలో అందులో 2 లీటర్లు పోయాయనుకోండి. అంత సెలైన్ ఎక్కిస్తే లెక్క సరిపోతుంది కదా?

పులుసు ఒలికిందని గిన్నెలో నీళ్లు పోస్తే గిన్నె నిండుతుంది, పులుసు మాత్రం పలచనవుతుంది. ఇదీ అంతే. ఆక్సిజన్‌ను మోసే ఎర్రకణాలు సెలైన్‌లో ఉండవు. పైగా రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లు పలచబడి, ఆగాల్సిన రక్తం ఇంకా కారుతుంది.

అందుకే తీవ్రంగా గాయపడ్డవాళ్లకు ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఇంచుమించు సమపాళ్లలో ఎక్కిస్తారు. గ్రూపు చూసే వ్యవధి కూడా లేకపోతే మొదట ఓ నెగటివ్ ఎర్రకణాలు ఇస్తారు. ఎర్రకణాల సంచులు ఫ్రిజ్‌లో ఉంటాయి. ప్లేట్‌లెట్లకు ఆ చలి పడదు. సుమారు 22 డిగ్రీల దగ్గర, మెల్లగా ఊగే అరల మీద చంటిపిల్లల్లా ఊగుతుంటాయి!

ఇంకో తిరకాసు ఉంది. సంచిలో రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ కలుపుతారు. ఒంట్లోకి వెళ్లాక అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కాల్షియం లేనిదే రక్తం గడ్డకట్టదు. అందుకని కాల్షియం ఇంజెక్షన్ కూడా ఇస్తారు. ఒళ్లు చల్లబడినా గడ్డకట్టడం మందగిస్తుంది కాబట్టి రక్తాన్ని వెచ్చబరిచి ఎక్కిస్తారు, రోగికి దుప్పటి కప్పుతారు.

మరి ఆసుపత్రికి చేరేలోగా? 108కి ఫోన్ చేసి, శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమిపట్టాలి. ఆగిందా అని మాటిమాటికీ ఎత్తి చూడకండి, అప్పుడే కట్టిన గడ్డ ఊడొస్తుంది. గుడ్డ తడిస్తే దానిమీదే ఇంకోటి వేసి అదమండి.