బోరు, జెట్టు, ఆర్‌సీ: తల్లాడ పెరట్లో అంబాసిడర్ లెక్కలు

ఖమ్మం జిల్లా తల్లాడ నుంచి ఒక దారి కల్లూరు మీదుగా సత్తుపల్లికి, ఇంకోటి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడేనికి పోతుంది. ఈ రోడ్ల మీద పెళ్లివారినీ, భద్రాచలం మొక్కులవారినీ మోసిన కారు అంబాసిడర్. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1958లో మొదలైన తయారీ 2014 మేలో ఆగింది. అలాంటిదొకటి ఇంటి రేకుల షెడ్డు కింద ఉంటే, ఏది బాగుచేయాలి, ఏది మార్చవచ్చు అన్నది అంకెలే చెబుతాయి.

ముందు ఇంజిన్. దశాబ్దాల పాటు ఈ కారుకు వచ్చిన పెట్రోలు ఇంజిన్‌లో సిలిండర్ బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లు. నాలుగు సిలిండర్లకు లెక్కకడితే 1489 సీసీ. గోడలు అరిగితే లేతు షాపులో బోరు చేయించి పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు. ఇరవై సైజు అంటే అంగుళంలో వెయ్యోవంతులు ఇరవై, అంటే అర మిల్లీమీటరు. అప్పుడు ఇంజిన్ 1510 సీసీ అవుతుంది. నలభై సైజు వేస్తే 1531. పెరిగింది 42 సీసీ, మూడు శాతం కూడా కాదు. బోరు చేయించాక బండి హుషారుగా లాగుతుందంటే కారణం ఈ పెరుగుదల కాదు, రింగుల పక్కనుంచి జారిపోతున్న కంప్రెషన్ మళ్లీ నిలబడటం. అందుకే ఇరవైతో పోయే అరుగుదలకు నలభై వేయించవద్దు. కోసేసిన ఇనుము తిరిగి రాదు, తర్వాతి మరమ్మతుకు గోడ మిగలాలి.

నిజంగా మార్చాల్సింది ఇంధనం దారి. సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా 2000 ఫిబ్రవరిలో ఆగిపోయింది. వాల్వు సీట్లను కాపాడింది ఆ సీసమే. కాబట్టి హెడ్డు దించినప్పుడే గట్టి సీట్లు వేయించాలి. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఒక కిలో మామూలు పెట్రోలు మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ మిశ్రమానికి సుమారు 13.5 చాలు. కార్బురేటర్‌లో ఇంధనాన్ని కొలిచి వదిలే పాత జెట్టుతోనే నడిపితే ఇంజిన్‌కు ఇంధనం తక్కువై వేడెక్కుతుంది. జెట్టు రంధ్రం వైశాల్యం సుమారు 8 శాతం పెరగాలి, వ్యాసంలో చూస్తే 4 శాతమే. పాత రబ్బరు పైపులనూ మార్చండి. ఇథనాల్‌కు అవి ఉబ్బి పగులుతాయి.

బాడీ గురించి ఒక్క మాట: తుప్పు మీద లప్పం పూయవద్దు. తిన్న రేకు కోసి కొత్తది అతికించే టింకరింగే అసలు పని.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపం నుంచి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (ఆర్‌సీ) వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. వేరే ఇంజిన్ వేయాలంటే ముందుగా రవాణా శాఖ అనుమతి కావాలి. 2021 జులై నిబంధనలు వింటేజ్ వాహనాలకు ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇచ్చాయి. తొలి రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. 1975 చివర్లో రిజిస్టరైన కారుకు ఆ వయసు 2025 చివరికి వచ్చింది.

ఫీజులు చూద్దాం. మామూలు ప్రైవేటు కారుకు 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్. 20 ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టు నుంచి కేంద్ర ఫీజు 10,000 రూపాయలు, హరిత పన్ను వేరు. వింటేజ్‌కు మొదటిసారి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఎలా చూసినా ఏడాదికి 2,000. తేడా వాడకంలో ఉంది. వింటేజ్ నంబరు బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప రోజూ తిప్పకూడదు. ఖమ్మం బజారుకు వెళ్లిరావాలంటే మామూలు ఆర్‌సీనే ఉంచుకోండి. ఏ దారో తేల్చుకున్నాకే గ్రైండరు ఆన్ చేయండి.