బొమ్మలెయ్యడం రాకనా?

కొన్నేళ్ళ కిందట మా అమ్మాయిని వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి తీసుకెళ్ళాను. జోత్తో 1310-15 ప్రాంతంలో వేసిన మేరీమాత, బాలయేసు చిత్రం ముందు ఆగి, "నాన్నా, వీళ్ళకి బొమ్మలెయ్యడం రాదా?" అంది.

"అప్పటికింకా సరిగ్గా రాదమ్మా, తరవాత నేర్చుకున్నారు" అన్నాను. ఇంజనీరుని కదా, కాలం గడిచేకొద్దీ ఏదైనా మెరుగవుతుందనే నా లెక్క.

లియొనార్డో డావించీ 1474-78 మధ్య వేసిన జినేవ్రా చిత్రం దగ్గర నా లెక్క సరిపోయినట్టే అనిపించింది. ఆ ముఖం ఊపిరి తీస్తున్నట్టే ఉంటుంది. కానీ మోనే 1894 నాటి రువాన్ కెథెడ్రల్ ముందు అది మళ్ళీ అడిగింది: "మరి నేర్చుకున్నదంతా మర్చిపోయారా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాక తెలిసింది, నేను పిల్లకి తప్పు చెప్పానని.

జోత్తో బొమ్మలు అచ్చం నిజంలా ఉన్నాయని ఆ శతాబ్దంలోనే బొకాచియో మెచ్చుకున్నాడు. వెనకాల ఆ బంగారు పూత చేతకాక వేసింది కాదు. అది పూజకోసం వేసిన బొమ్మ. స్వర్గానికి చెట్టూ పుట్టా ఎందుకు? జినేవ్రా ఫ్లారెన్సులో ఒక బ్యాంకరు కూతురు. డబ్బున్న కుటుంబాలు తమ ముఖాలే పటాల్లో చూసుకోవాలనుకున్న కాలమది. గుడ్డుసొన కలిపిన రంగులు ఇట్టే ఆరిపోయేవి. నూనె రంగులు మెల్లగా ఆరతాయి కనక పొరమీద పొర వేసి చర్మపు నునుపు తేగలిగారు.

1839లో ఫోటోగ్రఫీ లోకానికి తెలిసింది. పోలిక పట్టుకోవడానికి చిత్రకారుడే దిక్కనే రోజులు పోయాయి. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు రంగుల్ని తగరపు ట్యూబుల్లో నింపే పద్ధతి కనిపెట్టాడు. దాంతో ఆరుబయట కూర్చుని వెయ్యడం తేలికైంది. ఇవి మాత్రమే కారణాలు కావు గానీ, మోనే వెనక ఇవీ ఉన్నాయి. ఆయన ఒకే కెథెడ్రల్‌ని వేరువేరు వేళల్లో ముప్ఫైసార్లకు పైగా చిత్రించాడు. ఆయన వేసింది రాతిని కాదు, రాతిమీద పడే వెలుగుని.

అంటే శైలి మారడమంటే చేతకానితనం నించి చేతనవడం కాదు. వాళ్ళు చూడాలనుకున్నదే మారింది.

గ్యాలరీకి టిక్కెట్టు లేదు; మీ పిల్లల్నీ తీసుకెళ్ళండి.

ఆ తరవాత ఒకరోజు మా అమ్మాయి పెరట్లో మేపుల్ చెట్టుని ఊదారంగులో వేసి చూపించింది. ఆకులు పచ్చగా ఉంటాయని చెప్పబోయి ఆగాను.

"ఏ వేళప్పుడు చూశావమ్మా?" అని అడిగాను.