సేవకెళ్తే.. గొడుగొక్కటే చాలదు!
నేపాల్ కొండల్లో వానాకాలం.. వెళ్లే ముందే తెలుసుకోవాల్సినవి

పల్లె బడుల్లో పాఠాలు చెప్పడానికో, వైద్య శిబిరాల్లో చేయి సాయానికో నేపాల్ వెళ్లాలనుకునే కుర్రకారుకు సెలవులు కలిసొచ్చేది ఎక్కువగా జూన్, జులైల్లోనే. సరిగ్గా అప్పుడే అక్కడ వానలు మొదలవుతాయి. సెప్టెంబరు చివరి దాకా వదలవు.

'వానంటే మనకు కొత్తా?' అనిపించొచ్చు. నిజమే. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌ను బరంపురం చూసింది. 2015 డిసెంబరులో చెన్నై నీట మునిగింది. 2022 జులైలో గోదావరి యానాంను ముంచెత్తింది. అయితే తీరం వాన వేరు, కొండ వాన వేరు. మన దగ్గర నీరు ఊళ్లోకొస్తుంది. అక్కడ కొండే ఊరి మీదకు జారుతుంది. పొఖరా దగ్గరి లుమ్లేలో ఏడాదికి 5 వేల మిల్లీమీటర్ల పైనే కురుస్తుంది. బళ్లారి వానకు ఇది దాదాపు పదింతలు.

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో నేపాల్‌లో దాదాపు 9 వేల మంది చనిపోయారు. ఎన్నో దేశాల నుంచి సాయం చేసేవాళ్లు తరలివెళ్లారు. రెండు నెలలు తిరక్కుండానే వానలు పట్టుకున్నాయి. ఇల్లు కూలినవాళ్లు టార్పాలిన్లు, రేకుల కింద తలదాచుకున్నారు. అదురుకు వదులైన కొండచరియలు వానకు విరిగిపడ్డాయి. దారులు మూసుకుపోయేలోగా బియ్యం, రేకులు పైఊళ్లకు చేర్చడమే అప్పట్లో పెద్ద పనైంది.

దారే అసలు గండం

2024 జులై 12 తెల్లవారుజామున చిత్వన్ జిల్లా సిమల్‌తాల్ వద్ద కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. అరవై మందికి పైగా ఉంటే ప్రాణాలతో బయటపడింది ముగ్గురే. అదే ఏడాది సెప్టెంబరు చివర్లో కురిసిన కుండపోతకు 200 మందికి పైగా బలయ్యారు. అందుకే రాత్రి బస్సు ఎక్కకూడదు. తిరుగు టికెట్టుకు ముందు రెండు మూడు రోజులైనా చేతిలో ఉంచుకోవాలి. చిన్న విమానాలు కూడా మబ్బు పడితే ఎగరవు.

నాలుగు మాటలు నేర్చుకుంటే మేలు. 'పహిరో' అంటే కొండచరియ విరగడం. 'బాఢీ' అంటే వరద. 'జుకా' అంటే జలగ. 'బాటో' మన బాటే. 'బాటో బంద్' అని ఊరివాళ్లు అంటే ఇక మారుమాట్లాడకుండా ఆగిపోవాలి.

నీళ్లు, జలగలు, దోమలు

* నీళ్లు తెర్లేదాకా కాచే తాగాలి. తెర్లాక ఒక నిమిషం, రెండు వేల మీటర్లకు పైనున్న ఊళ్లలో మూడు నిమిషాలు ఉంచాలి.
* విరేచనాలు పట్టుకుంటే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగాలి. చెంచాలు తలగొట్టి కొలవాలి.
* జలగను గోటితో మెల్లగా నెట్టాలి. రక్తం కాసేపు ఆగదు, కంగారు పడక్కర్లేదు. సబ్బుతో కడిగి గుడ్డ కట్టాలి.
* కాలికి పుండుంటే పొలం బురదలో దిగొద్దు. ఎలుక మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ సోకుతుంది.
* డెంగీ కూడా ఉంది. 2022లో నేపాల్‌లో 54 వేల పైచిలుకు కేసులొచ్చాయి. దోమతెర తప్పనిసరి. టైఫాయిడ్ టీకా సంగతి ముందే డాక్టరును అడగాలి.
* మనవాళ్లకు వీసా అక్కర్లేదు గానీ పాసుపోర్టో, ఓటరు కార్డో ఉండాలి. వాటినీ, డబ్బునూ, మందులనూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోవాలి. కరెంటు పోతే ఫోనుకు పవర్ బ్యాంకే దిక్కు.

భారం కాకూడదు

ఆషాఢం అక్కడ నాట్ల కాలం. నేపాలీ లెక్కన అసార్ 15న, అంటే జూన్ చివర్లో, ఊరంతా మడిలో దిగి నాట్లేసి పెరుగు, అటుకులు తింటారు. ఆ రోజుల్లో పెద్దలకు తీరిక ఉండదు. పిల్లలు కూడా పొలం బాట పడతారు. దారి తెగి బియ్యం రాకపోతే, సాయానికొచ్చిన మనిషే ఆ ఇంటికి అదనపు నోరవుతాడు.

కాబట్టి బయల్దేరే ముందు ఆ ఊరివాళ్లనే 'ఇప్పుడు మా అవసరం ఉందా?' అని అడగాలి. 'దసరా వెళ్లాక రండి' అంటే ఆగాలి. ఆగడం కూడా సేవే.