జట్టు ఎవరి సొత్తు?

రాయలసీమలో, కర్ణాటక సరిహద్దునకు చేరువగా చిలమత్తూరు కలదు. 2022వ సంవత్సరము వరకు అనంతపురము జిల్లాలో నుండిన ఈ ప్రాంతము ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. చుట్టును రాతిగుట్టలు, ఎఱ్ఱనేలలు, వానను నమ్ముకొన్న వేరుసెనగ చేలు కానవచ్చును. హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు జాతీయ రహదారి ఈ మండలములోని కొడికొండ మీదుగా సాగును. బెంగుళూరు ఇచ్చటికి సుమారు 100 కిలోమీటర్లు. హైదరాబాదు 400 కిలోమీటర్లకు పైబడిన దూరము. కావున ఇట్టి సరిహద్దు సీమలోని ఫుట్‌బాల్ అభిమాని యెదుట ఒక ప్రశ్న సహజముగనే నిలుచును. దగ్గరనున్న బెంగుళూరు జట్టు మనదా? దూరముననున్నను తెలుగు మాట వినిపించు హైదరాబాదు జట్టు మనదా?

2025వ సంవత్సరమున ఈ ప్రశ్న ఊహింపని రీతిగా మారిపోయినది. హైదరాబాదు జట్టు హైదరాబాదునే విడిచి ఢిల్లీకి తరలిపోయినది. ఒక జట్టు తన ఊరిని విడిచి పోవుట యెట్లు సంభవించును? పోవుటకు అనుమతి నీయవలసిన వారెవరు? ఇంతకును జట్టు ఎవరి సొత్తు? ఈ ప్రశ్నలకు సమాధానము తెలియవలెనన్నచో, ఆట యొక్క చరిత్రను, ఆటలోని ధనము నడచు తీరును కొంత తెలిసికొనవలయును.

ఫుట్‌బాల్ పేదవాని ఆట. ఒక బంతియు, కొంత చదునైన నేలయు నున్న చాలును. ఇరువది ఇద్దరు ఆడవచ్చును, ఇరువది వేలమంది చూచి ఆనందింపవచ్చును. కాని ఆటను చూచువారు పెరిగినకొలది దానిచుట్టు ధనము చేరును. అందుచేతనే అభిమానులు నలుగురు కూడినచోట రెండు విధములైన వాదములు వినబడును. మొదటిది ఆశకు సంబంధించినది: ఈ యేడు మన జట్టు గెలుచునా? రెండవది కాసులకు సంబంధించినది: జట్టును పోషించువారెవరు, వారు ఎంతకాలము పోషింతురు? మొదటి ప్రశ్నకు సమాధానము తఱచుగా రెండవ ప్రశ్నలోనే దాగియుండును.

హైదరాబాదు ఫుట్‌బాల్ కీర్తి ఈనాటిది కాదు. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు బొంబాయిలోని రోవర్స్ కప్పును హైదరాబాదు సిటీ పోలీసు జట్టే గెలుచుకొన్నది. 1950లో డ్యురాండ్ కప్పును కూడ ఆ జట్టు సాధించినది. కలకత్తాలోని మహాసంస్థలు సైతము ఆ జట్టును తలచి జంకెడివి. ఆ విజయముల వెనుక నిలిచిన మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిచే ఉపాధ్యాయుడు. బంతిని త్వరత్వరగా ఒకరికొకరు అందించుకొనుటను, బలహీనమైన పాదముతో కూడ బంతిని తన్నుటను ఆయన శిష్యులకు ఓర్పుతో నేర్పెడివాడు.

భారత జట్టునకును ఆయనయే శిక్షకుడయ్యెను. ఆయన శిక్షణలో మన దేశము 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో స్వర్ణపతకము గెలిచెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆస్ట్రేలియాను 4–2 గోల్‌ల తేడాతో ఓడించి, తుదకు నాలుగవ స్థానము పొందెను. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1 గోల్‌లతో జయించి మరల ఆసియా స్వర్ణమును గైకొనెను. అప్పటికే రహీం క్యాన్సరు వ్యాధిచే బాధపడుచుండెను. మరుసటి సంవత్సరమే పరమపదించెను. సికిందరాబాదునకు చెందిన తులసీదాస్ బలరాం, గోల్ కీపర్ పీటర్ తంగరాజ్ వంటి ఆటగాండ్రు ఆనాటి భారత జట్టునకు అలంకారములైరి.

ఆ కాలమున ఆటగానికి జీవనాధారమేమి? పోలీసు శాఖ, రైల్వేలు, సైన్యము మున్నగు సంస్థలు ఆటగాండ్రకు ఉద్యోగములిచ్చెడివి. జీతము స్వల్పమే గాని స్థిరము. కాలు విరిగినను, వయసు మీరినను ఉద్యోగము నిలుచును. పేద కుటుంబములలోని బాలురు ఆ భరోసాతోనే మైదానమునకు వచ్చిరి. ఆ పద్ధతిలో ఆటగాడు ధనవంతుడు కాలేడు. కాని ఆకలికి గురికాడు. జట్టు శాఖకు చెందినదగుటచే దానిని కొనువారును లేరు, అమ్మువారును లేరు.

కాలము మారెను. ఆటగాండ్రకు పూర్తి వేతనమిచ్చి, ఆటయే వృత్తిగా నడపు క్లబ్బులు వచ్చెను. 2014లో ఇండియన్ సూపర్ లీగు ఆరంభమయ్యెను. విదేశీ ఆటగాండ్రు వచ్చిరి. దీపకాంతులలో ఆటలు సాగెను. టెలివిజనులో దేశమంతయు వానిని చూచెను. పూణే నగరపు క్లబ్బు ఆర్థికపు చిక్కులలో పడి మూతపడగా, దాని స్థానమున 2019 ఆగస్టులో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు వెలసెను. గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాప్రాంగణము దానికి నెలవయ్యెను. ఒక ఊరి దురదృష్టము మరియొక ఊరికి అదృష్టమైనదని అప్పుడు ఎవరును అంతగా తలపోయలేదు.

మొదటి సంవత్సరము ఆ జట్టు పట్టికలో అట్టడుగున నిలిచెను. పిదప స్పెయిను దేశీయుడైన మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చి, యువకులకు అవకాశములిచ్చి జట్టును తీర్చిదిద్దెను. 2022 మార్చి 20వ తేదీన గోవాలో జరిగిన తుదిపోటీలో హైదరాబాదు, కేరళ జట్లు చెరియొక గోల్‌తో సమానముగా నిలిచెను. పెనాల్టీలలో గోల్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులను అడ్డగింపగా హైదరాబాదు 3–1 తేడాతో విజయము సాధించెను. రహీం నాటి వైభవము తిరిగివచ్చినదని అభిమానులు ఉప్పొంగిరి.

ఆ సంతోషము చిరకాలము నిలువలేదు. రెండు సంవత్సరములు తిరుగకమునుపే క్లబ్బు ఖజానా ఎండిపోయెను. ఆటగాండ్రకు జీతములు బకాయిపడెను. బాకీలు తీర్చువరకు క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య నిషేధము విధించెను. విదేశీయులు వెడలిపోయిరి. 2023–24లో ఆడిన 22 ఆటలలో ఆ జట్టు ఒక్కటి మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచెను. పిదప యాజమాన్యము చేతులు మారెను. అయినను స్థితి మెరుగుపడలేదు. 2024–25లో 13 జట్లలో 12వ స్థానమే దక్కెను. తుదకు 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను క్రొత్త పేరు ధరించెను. చేతిలో జెండా ఉన్నను, ఎగురవేయుటకు జట్టు లేని వారైరి హైదరాబాదు అభిమానులు.

ఇట్లు జరుగుటకు కారణమేమి? క్లబ్బునకు ధనము వచ్చు మార్గములు ముఖ్యముగా నాలుగు. ప్రేక్షకులు కొను టిక్కెట్లు మొదటిది. చొక్కాలమీద తమ పేరు వేయించుకొను వ్యాపార సంస్థల సొమ్ము రెండవది. టెలివిజను ప్రసారపు హక్కులు మూడవది. తీర్చిదిద్దిన ఆటగాండ్రను ఇతర క్లబ్బులకు పంపి పొందు మూల్యము నాలుగవది. ఇక వ్యయములో పెద్దభాగము జీతములకే పోవును. ప్రయాణములు, వసతి, మైదానపు అద్దె, వైద్యము తరువాతివి. వచ్చునది తక్కువై, పోవునది ఎక్కువైనపుడు ఆ లోటును యజమాని తన సొంత సొమ్ముతో పూడ్చవలయును. ఆయనకు ఇతర వ్యాపారములలో నష్టము వచ్చినను, ఆటపై మక్కువ తగ్గినను, గెలుపుగుఱ్ఱము వంటి జట్టు సైతము కుప్పకూలును.

మన దేశపు లీగునకు మరియొక చిక్కు కలదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో వాణిజ్యపు హక్కులను ఒక సంస్థకు 15 సంవత్సరములకు ఒప్పగించినది. ఆ ఒడంబడిక 2025 డిసెంబరులో ముగియవలసియుండెను. తరువాత ఏమగునో తేలక, ఆ సంవత్సరపు పోటీలు సకాలమున ఆరంభము కాలేదు. కొన్ని క్లబ్బులు పనులు నిలిపివేసెను. ఒక్క ఒడంబడికపై ఆటయంతయు ఆధారపడినచో ఎంత అపాయమో దీనివలన తేటతెల్లమగును.

ఈ విషయమున అభిమానులలో రెండు పక్షములు కలవు. ధనము పెట్టినవానిదే జట్టు అని ఒక పక్షము వాదించును. ఆటగానికి జీతమిచ్చునది యజమాని. ఖాళీ ఆసనములు చూచి నష్టము భరించునది ఆయన. చప్పట్లతో జీతములు చెల్లవు గదా! నష్టము వచ్చుచోటు వదలి లాభము వచ్చుచోటికి పోవుట వ్యాపారధర్మమని వారి అభిప్రాయము. రెండవ పక్షము ఇందుకు సమ్మతింపదు. దుకాణము తరలిపోయినచో మరియొక దుకాణమున సరకు కొనవచ్చును. జట్టు తరలిపోయినచో మరియొక జట్టును మనసులో నిలుపుట అంత సులభము కాదు. అభిమానము లేనిదే టిక్కెట్టు లేదు, ప్రకటన లేదు, ప్రసారము లేదు. అనగా యజమాని అమ్ముకొను సరకు నిజమునకు అభిమానుల ప్రేమయే. ఆ ప్రేమకు విలువకట్టి అమ్ముకొనుచు, దానిని కనబరచినవారిని ఒక్కమాటయైనను అడుగకుండుట న్యాయమా అని వారి ప్రశ్న.

రెండు పక్షములలోను సత్యము కలదు. కావుననే ఇతర దేశములవారు ఏమి చేసిరో చూచుట మంచిది. ఇంగ్లండులో వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్ అను వేరొక పట్టణమునకు తరలించుటకు 2002లో అనుమతి లభించెను. అభిమానులు కన్నీరు కార్చి ఊరకుండలేదు. వారే చందాలు పోగుచేసి, బహిరంగ మైదానమున ఆటగాండ్రను ఎంపికచేసి, అదే సంవత్సరము క్రొత్త క్లబ్బును స్థాపించిరి. అతి దిగువ శ్రేణిలో ఆరంభించిన ఆ జట్టు తొమ్మిదేండ్లలో, 2011 నాటికి, దేశపు ప్రధాన లీగు శ్రేణులలో చేరెను. 2020లో తమ పూర్వపు వీధి యందే క్రొత్త మైదానమున అడుగుపెట్టెను. జర్మనీలో 1998 నుండి ఒక నియమము అమలులోనున్నది: కొన్ని మినహాయింపులు తప్ప, క్లబ్బులో సగమునకు మించిన ఓట్లు సభ్యుల చేతనే ఉండవలయును. ధనవంతుడు పెట్టుబడి పెట్టవచ్చును గాని, ఊరివారి మాట కాదని జట్టును ఏమియు చేయజాలడు.

అన్ని కథలును ఇట్లు సుఖాంతములు కావు. 1885లో పుట్టి, 1900, 1903 సంవత్సరములలో ఇంగ్లండు దేశపు ఎఫ్.ఎ. కప్పును గెలిచిన బరీ క్లబ్బు అప్పులపాలై 2019 ఆగస్టులో లీగునుండి బహిష్కృతమయ్యెను. శతాబ్దపు ఘనతయు బాకీలను తీర్చలేకపోయెను.

అనంతపురపు పీఠభూమి రైతునకు ఈ నీతి క్రొత్తది కాదు. ఈ సీమలో సాలున కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లే. ఒక్క వానను నమ్మి విత్తనము చల్లినవాడు ఆ వాన ముఖము చాటువేసినచో సర్వమును కోల్పోవును. అందుచేతనే పూర్వులు వాగులకు కట్టలు వేసి చెఱువులు త్రవ్విరి. ఒక చెఱువు నిండి అలుగు పారినచో ఆ నీరు క్రింది చెఱువునకు చేరునట్లు ఏర్పరచిరి. ఒక్క ధనవంతుని నమ్ముకొన్న క్లబ్బు వానను నమ్ముకొన్న మెట్టచేను వంటిది. టిక్కెట్లు, చందాలు, బాలుర శిక్షణ, ఊరి సంస్థల తోడ్పాటు అను పలు వాగులు వచ్చి చేరు క్లబ్బు చెఱువు వంటిది. దానికిని కరవు తప్పదు. కాని ఒక్క యేటి కరవునకు అది ఎండిపోదు.

ఈ సీమలోనే అట్టి ప్రయత్నము జరిగినది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురమున స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ పల్లెలలోని పేద బాలబాలికలకు చదువుతోపాటు ఫుట్‌బాల్ శిక్షణను కూడ ఇచ్చినది. స్పెయిను దేశపు ప్రఖ్యాత లీగు దానికి తోడ్పడినది. కప్పులు గెలుచుటకన్న, పల్లెబిడ్డకు మైదానము చూపుట అచ్చట ముఖ్యముగా తలపబడినది.

జట్టును కొనవచ్చును, అమ్మవచ్చును, పేరు మార్చవచ్చును. రహీం తన శిష్యులకు నేర్పిన విద్యను మాత్రము ఎవరును బండ్లకెత్తి తరలింపజాలరు. అది నేర్చినవారున్న ఊరిలోనే ఉండును. కావున జట్టును నిజముగా తమదిగా నిలుపుకొనగోరు ఊరు కేకలు వేయుటతో తృప్తిపడరాదు. మైదానమును కాపాడవలయును, పిల్లలకు బంతి నందీయవలయును, లెక్కలు అడుగుట నేర్వవలయును. ఈ మూడు పనులును చేయు ఊరికి, యజమాని ఎవరైనను, జట్టు తనదేయని చెప్పుకొను హక్కు కలుగును.