గాలి వెళ్లిపోయిన తరువాత

2014 అక్టోబరు 12 ఆదివారం. ఆరాధనకు వెళ్లవలసిన వేళ విశాఖపట్నం ప్రజలు తలుపులకు బల్లలు అడ్డం పెట్టుకుని ఇళ్లలో ప్రార్థన చేసుకుంటూ కూర్చున్నారు. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన హుద్‌హుద్ తుపాను ఆ పట్టణం దగ్గరే తీరం దాటింది. మధ్యాహ్నం తుపాను కన్ను నగరం మీదికి వచ్చినప్పుడు కాసేపు గాలి నిలిచిపోయింది. గండం గడిచిందనుకుని కొందరు బయటికి వచ్చారు. అంతలోనే అవతలి దిక్కునుండి గాలి మళ్లీ లేచి, మొదటి దెబ్బకు వంగిన చెట్లను రెండవ దెబ్బతో పెకలించివేసింది.

హుద్‌హుద్ అన్నది ఒమన్ దేశం ఇచ్చిన పేరు. అది ఒక పిట్ట పేరు. లేవీయకాండము 11వ అధ్యాయంలోని పక్షుల జాబితాలో కుకుడు గువ్వగా మనం చదివే పిట్ట అదే. ఇంత చిన్న పిట్ట పేరు పెట్టుకున్న గాలి అంత పెద్ద పట్టణాన్ని ఒక్క పూటలో చీకటి చేసింది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. 2014లో ముందస్తు హెచ్చరికలు అందాయి. తీర గ్రామాలను ఖాళీ చేయించారు. అందువల్ల ప్రాణనష్టం పదుల సంఖ్యలోనే ఆగింది. ఇందుకు మనం దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించాలి, హెచ్చరించినవారినీ మరువకూడదు. అయితే ప్రాణాలతో మిగిలినవారు రేపటినుండి ఎలా బ్రతకాలి? ఈ నెల పాఠకులతో కలిసి ఆలోచించదలచిన ప్రశ్న ఇదే.

అతిథులు రాని ఋతువు

విశాఖ అంటే మనకు ఓడరేవు, ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తాయి. కాని ఆ ప్రాంతంలో వేలాది కుటుంబాలు చూడవచ్చే అతిథుల మీద ఆధారపడి బ్రతుకుతున్నాయి. రామకృష్ణా బీచిలో మొక్కజొన్న పొత్తులు కాల్చే తల్లి, ముంత మసాలా కలిపే కుర్రవాడు, పిల్లలను గుర్రమెక్కించి తిప్పే మనిషి, కైలాసగిరి మీద ఫొటోలు తీసే యువకుడు, ఋషికొండలో పడవ నడిపేవాడు, భీమిలి దారిలో ఆటో తోలేవాడు, హోటలు దుప్పట్లు ఉతికే చాకలి. వీరిలో ఎవరికీ నెల జీతం లేదు. అతిథి వస్తే పొయ్యి వెలుగుతుంది, రాకపోతే లేదు.

తుపాను వచ్చిన కాలాన్ని గమనించండి. దసరా సెలవులు ముగిసి, దీపావళి, కార్తీకమాసపు వనభోజనాలు, ఆపైన క్రిస్మస్ సెలవులు రాబోతున్నాయి. అరకులోయలో వలిసె పూలు కొండవాలును పసుపుపచ్చగా మార్చే నెలలు అవి. ఏడాది పొడుగునా అప్పులు చేసి ఈ మూడు నెలల్లో తీర్చుకునేవారికి సరిగ్గా అప్పుడే దెబ్బ తగిలింది.

విమానాశ్రయం పైకప్పు లేచిపోయి రాకపోకలు కొన్ని రోజులు ఆగిపోయాయి. కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం మీద కూడా కొన్నాళ్లు ప్రయాణాలు స్తంభించాయి. జంతుప్రదర్శనశాలలో, కంబాలకొండలో చెట్లు వేలాదిగా నేలకూలాయి. పట్టణంలో కరెంటు, తాగునీరు, పాలు దొరకడమే కష్టమైపోయింది. వీధుల నిండా ఎండుకొమ్మలు పడి ఉన్నందున ఆ దీపావళికి టపాసులు కాల్చవద్దని అధికారులు కోరారు. రాష్ట్ర ప్రభుత్వం మొత్తం నష్టాన్ని సుమారు 21,900 కోట్ల రూపాయలుగా అంచనా వేసింది. ప్రధానమంత్రి నరేంద్ర మోదీ అక్టోబరు 14న వచ్చి చూసి, తక్షణ సహాయంగా 1,000 కోట్లు ప్రకటించారు.

అదే తుపాను శేషం ఉత్తరానికి ప్రయాణించి, ఆ 14వ తేదీనే నేపాల్‌లోని అన్నపూర్ణ పర్వతప్రాంతంలో మంచుతుపానుగా మారి 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. వారిలో దూరదేశాలనుండి వచ్చిన యాత్రికులు ఉన్నారు, వారి సామాను మోసి దారి చూపించే స్థానికులూ ఉన్నారు. సముద్రతీరంలో ముంత మసాలా అమ్మేవాడి కడుపునూ, హిమాలయాలలో మూట మోసేవాడి కడుపునూ ఒకే గాలి కొట్టింది.

ముందు లేచినది, వెనుక లేచినది

యాత్రల మీద బ్రతికే ప్రాంతం విపత్తు తరువాత లేవడానికి ఒక వరుస ఉంటుంది. మొదట కరెంటు, నీరు, దారి రావాలి. తరువాత రైలు, విమానం రావాలి. వాటి తరువాత రావలసినది నమ్మకం. కూలిన చెట్ల బొమ్మలు పత్రికలలో, టీవీలలో చూసినవారి మనస్సులో ఊరు చాలాకాలం కూలినట్టే ఉంటుంది. రోడ్డు బాగుపడిన సంగతి వార్త కాదు గనుక అది ఎవరికీ చేరదు. పైగా బియ్యం కొనడం వాయిదా వేయలేము కాని విహారయాత్రను వాయిదా వేయగలం. అందుకే ఈ వ్యాపారం అందరికంటే ముందు పడిపోతుంది.

విశాఖ నగరం త్వరగానే లేచిందని చెప్పాలి. సముద్రం ఎక్కడికీ పోలేదు, ఇసుక ఎక్కడికీ పోలేదు. 2015 జనవరిలో విశాఖ ఉత్సవ్ జరిపి, మా ఊరు బాగానే ఉంది, రండి అని లోకానికి చెప్పారు. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ ప్రదర్శన జరిగినప్పుడు సుమారు 50 దేశాల నౌకాదళాల ప్రతినిధులు అదే తీరానికి వచ్చారు. ప్రపంచ బ్యాంకు 2015లో మంజూరు చేసిన 25 కోట్ల డాలర్ల పథకంలో నగరపు కరెంటు తీగలను భూమిలోనికి దింపే పని కూడా చేర్చారు. పడిపోయిన స్తంభాన్ని మళ్లీ అక్కడే నిలబెట్టకుండా, మరొక గాలికి పడని విధంగా కట్టడం మంచి వివేకం. 2017 ఏప్రిల్‌లో అద్దాల పెట్టె తగిలించిన రైలు అరకుకు వెళ్లడం మొదలైంది. బొర్రా గుహలకు, లోయకు జనం మళ్లీ పోటెత్తారు.

అయితే కొండమీద కథ వేరు. అనంతగిరి, అరకు, పాడేరు ప్రాంతాలలో గిరిజన రైతులు కాఫీ పండిస్తారు. కాఫీ మొక్క ఎండకు తాళదు. దాని మీద నీడకోసం సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు, వాటి కాండానికి మిరియపు తీగ పాకిస్తారు. ఒక చెట్టు కూలిందంటే కాఫీకి నీడ పోయింది, మిరియానికి ఊత పోయింది, పడిన కాండం కింద కాఫీ మొక్క నలిగిపోయింది. మూడు నష్టాలు ఒక్క చెట్టుతో! హోటలు అద్దాలు వారంలో బిగించవచ్చు. కాఫీ మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది, నీడనిచ్చే చెట్టు ఎదగాలంటే అంతకంటే ఎక్కువ. నగరంలో ఉత్సవం జరిగిన రోజున కొండమీది రైతు ఇంకా గుంటలు తవ్వుతూనే ఉన్నాడు.

దేవుని కృపవలన ఆ సహనం వృథా కాలేదు. 2017లో పారిస్ నగరంలో అరకు కాఫీకి దుకాణం తెరిచారు. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2020లో కోవిడ్ వచ్చి యాత్రలన్నీ నిలిచినప్పుడు, అతిథుల మీదనే ఆధారపడినవారికి రాబడి తెగిపోయింది. తోట కూడా ఉన్నవారికి అది కొంత ఆదరువైంది. ఒక్క కొమ్మ మీదనే గూడు కట్టుకోకూడదని దీనినుండి నేర్చుకుంటున్నాము.

నెహెమ్యా విన్న మొర

యెరూషలేము గోడ 52 దినములలో పూర్తయిందని నెహెమ్యా గ్రంథంలో చదివి మనం ఆశ్చర్యపడతాము. చాలామంది ఎవరి ఇంటి ఎదుట వారే బాగుచేసుకున్నారన్న మూడవ అధ్యాయపు మాట మీద ప్రసంగాలు వింటాము. కాని అయిదవ అధ్యాయాన్ని త్వరగా దాటిపోతాము. గోడ లేస్తూ ఉండగానే పేదలు మొరపెట్టారు. తిండిగింజలకోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టామనీ, పన్ను కట్టడానికి అప్పు చేశామనీ ఏడ్చారు. నెహెమ్యా ఆ మొర విని, తన సొంత జనులైన ప్రధానులను గద్దించి, వడ్డీ మాన్పించాడు. గోడ కట్టడం ఎంత ముఖ్యమో, గోడ కట్టేవాడి అప్పు వినడం అంత ముఖ్యమని ఆయనకు తెలుసు.

మన కాలంలో కూడా అంతే. పెద్ద హోటలుకు బీమా ఉంటుంది, బ్యాంకు ఉంటుంది. తోపుడుబండి పోగొట్టుకున్నవాడికి దినవడ్డీ వ్యాపారి తప్ప మరొకరు కనబడరు. ఎంతమంది యాత్రికులు వచ్చారన్న లెక్క ప్రభుత్వం చెబుతుంది. ఆ బండివాడి అప్పు తీరిందా అన్న లెక్క సంఘమే అడగాలి. పొదుపు సంఘాలు, తక్కువ వడ్డీ అప్పులు, పడవకూ బండికీ చిన్న బీమా మన స్త్రీల మైత్రి, యౌవనుల సహవాసం తలచుకుంటే చేయలేని పనులేమీ కావు.

మనం వెళ్లవచ్చునా?

కష్టం వచ్చిన చోటికి విహారానికి వెళ్లడం తప్పు కాదా అని విశ్వాసులు కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న. శవాలు లేపుతున్నప్పుడు కెమెరా పట్టుకుని వెళ్లడం తప్పే. సహాయపు లారీలకు దారి అడ్డమవుతుంది, ఏడ్చేవారికి అవమానమవుతుంది. అప్పుడు ప్రార్థన, బియ్యం, దుప్పట్లు పంపాలి. కాని దారులు తెరుచుకున్న తరువాత, ఆ ఊరివారే రండి అని పిలుస్తున్నప్పుడు వెళ్లకపోవడం కూడా ఒక లోపమే. ఉచితంగా పంచిన పొట్లం ఒక పూట ఆకలి తీరుస్తుంది. అడిగిన ధర ఇచ్చి కొన్న మొక్కజొన్న పొత్తు ఒక మనిషికి తన పని తిరిగి ఇస్తుంది. తలెత్తుకుని బ్రతకడం కూడా దేవుడు మనిషికిచ్చిన భాగ్యమే.

పొలము ఓరలను పూర్తిగా కోయక బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని లేవీయకాండము 19వ అధ్యాయం ఆజ్ఞాపిస్తున్నది. మన యాత్ర ఖర్చులోనూ అటువంటి ఓర ఒకటి ఉంచుదాము. అంతా పెద్ద హోటలు బిల్లులో పోయకుండా, దారిపక్క బొంగులో చికెన్ కాల్చే గిరిజన స్త్రీకి కొంత, గిరిజన సహకార సంస్థ దుకాణంలో తేనెకు, కాఫీపొడికి కొంత, గుహలలో దీపం పట్టి దారి చూపినవాడికి కొంత విడిచిపెడదాము. అక్కడ పది రూపాయలకోసం బేరమాడి, హోటల్లో వందలు మారుమాట లేకుండా చెల్లించే అలవాటును మానుకుందాము. ప్లాస్టిక్ చెత్త కొండమీద వదలకుండా దింపుకుని వద్దాము. వెళ్లినచోట ఆదివారమైతే ఆ ఊరి సంఘంతో కలిసి ఆరాధిద్దాము. విశాఖ రేవు ఎదుట రాస్ హిల్ మీద మేరీమాత గుడి, పక్క కొండలమీద దర్గా, వేంకటేశ్వరస్వామి ఆలయం నిలిచి ఉన్నాయి. తుపాను మూడు కొండలనూ ఒకేలా కొట్టింది. మన ప్రేమ కూడా అలాగే భేదం చూపకుండా ఉండాలి.

ప్రియ పాఠకులారా, హోరేబు కొండమీద ఏలీయా ఎదుట బలమైన గాలి వీచి బండలను బద్దలు చేసింది. అయితే ఆ గాలిలో యెహోవా లేడు. ఆ తరువాత, అన్నీ సద్దుమణిగాక, నిమ్మళమైన స్వరం వినబడింది. ఆ స్వరం ఏలీయాను గుహలో కూర్చోనివ్వలేదు. లేచి వెళ్లుమనీ, చేయవలసిన పనులు ఫలానా అనీ చెప్పింది. బంగాళాఖాతంలో ఇంకా ఎన్నో గాలులు లేస్తాయి. ప్రతి గాలి వెళ్లిపోయిన తరువాత మనకు కూడా అటువంటి స్వరమే వినబడుతుంది. ఈ సెలవులలో మీ కుటుంబం ఎక్కడికి వెళ్లాలో ఇంకా నిర్ణయించుకోకపోతే, పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని ఆ స్వరాన్ని ఒకసారి వినండి. దెబ్బతిని లేస్తున్న ఊరు ఒకటి మీ కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు.